పదిహేడు అంకణాల ఇంటికి ఇరవై మూడు అంకణాల పైకప్పు

కావలికి దగ్గర్లో మా బాబాయి వాళ్ల పెంకుటిల్లు ఉంది. గోడల బయటి కొలతలు 30 అడుగులకు 40 అడుగులు. నేల మీద 1200 చదరపు అడుగులు. మా నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు కాబట్టి దాదాపు పదిహేడు అంకణాల ఇల్లు. కొన్నేళ్ల కిందట పాత పెంకులన్నీ దించేసి కొత్తవి వేయిద్దామనుకున్నారు. పెంకులు అమ్మేచోట అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "ఇల్లెంత ఉంటుందయ్యా?" బాబాయి పన్నెండొందలు అన్నారు. నూరు చదరపు అడుగులకు 140 చొప్పున లెక్కగట్టి 1680 పెంకులు బండికెత్తారు.

పైకెక్కినవాళ్లు పని తెలిసినవాళ్లే. బరువంతా ఒకే పక్క పడకూడదని రెండు వాలుల మీదా సమంగా, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పరుచుకుంటూ పోయారు. కొప్పు, అంటే రెండు వాలులూ పైన కలిసే చోటు, ఇంకా ఐదడుగుల పైన ఉందనగా పెంకులు అయిపోయాయి. ఇంటి నడిమధ్యన, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, పదడుగుల వెడల్పున ఆకాశం కనపడుతోంది. అది అక్టోబరు నెల. మన వైపు వానలు దిగే నెల. టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్లు వేలాడదీసి, వడ్ల బస్తాలు పక్కింటికి మోసుకుపోయాం. ఇంకో 660 పెంకుల కోసం తిరిగితే అదే అచ్చు ఎక్కడా దొరకలేదు. వేరే చోటి నుంచి తెచ్చినవి చూడ్డానికి ఒకే మాదిరిగా ఉన్నాయి గానీ, వాటి గాడి ముందు వేసిన పెంకుల గాడిలో సరిగా కూర్చోలేదు. ఆ రెండు రకాలూ కలిసిన వరస వెంబడి ఇప్పటికీ గట్టి వాన పడితే లోపల చెమ్మ దిగుతుంది.

అమ్మినాయన చేసిన గుణకారంలో తప్పేమీ లేదు. నూటికి 140 అన్నదీ నిజమే. తప్పంతా ఆ ప్రశ్నలో ఉంది. ఆయన అడిగింది ఇంటి నేల గురించి, కప్పాల్సింది ఇంటి పైభాగం. ఈ రెండూ ఒకటి కావు. మా బాబాయి ఇంటికైతే పదిహేడు అంకణాల నేల మీద ఇరవై మూడు అంకణాల పైచిలుకు పైకప్పు ఉంది.

ఇప్పుడు మా తమ్ముడు ఆ పక్క స్థలంలోనే, అవే కొలతలతో ఇల్లు కడుతున్నాడు. వాలు కప్పు పెట్టి పైన షింగిల్స్ వేయిస్తానంటున్నాడు. షింగిల్స్ అంటే ఫైబర్‌గ్లాస్ చాపకు తారు పట్టించి, పైన రంగు రాతి రేణువులు అద్దిన పలచటి పలకలు. అమెరికాలో ఇళ్ల మీద ఎక్కువగా కనపడేవి ఇవే. మన దగ్గర కూడా ఫామ్‌హౌస్‌ల మీద, సముద్రపు ఒడ్డు రిసార్టుల మీద, పోర్టికోల మీద కనపడుతున్నాయి. "ఎన్ని కట్టలు చెప్పమంటావు అన్నా?" అని ఫోన్ చేశాడు. ఆ ఒక్క మాటకు జవాబు చెప్పడానికి ఎన్ని సంగతులు చూసుకోవాలో రాస్తున్నాను. పెంకులైనా, షింగిల్స్ అయినా, రాతి పలకలైనా లెక్క వెనకున్న సూత్రం ఒక్కటే.

ముందు పైకప్పు ఎంతో తేల్చుకోవాలి

మొదట చూరు సంగతి. గోడ దగ్గరే పైకప్పు ఆగిపోదు, గోడకు వాన కొట్టకుండా ముందుకు వస్తుంది. బాబాయి ఇంటికి అన్ని పక్కలా రెండడుగుల చూరు ఉంది. అది కలిపితే 30 కాస్తా 34 అవుతుంది, 40 కాస్తా 44 అవుతుంది. 34ను 44తో గుణిస్తే 1496. ఇంకా వాలు జోలికి పోకముందే 296 చదరపు అడుగులు పెరిగాయి. చాలామంది వాలును గుర్తు పెట్టుకుని చూరును మర్చిపోతారు. ఈ ఇంటి విషయంలో చూరు వల్ల పెరిగిందే ఎక్కువని కింద లెక్క చూస్తే తెలుస్తుంది.

తర్వాత వాలు. వడ్రంగులు దీన్ని డిగ్రీల్లో చెప్పరు, "అడుగుకు ఇన్ని అంగుళాలు" అంటారు. అడ్డంగా ఒక అడుగు జరిగితే వాసం ఎంత పైకి లేచిందో అదే వాలు. కొలవడం సులువు. వాసం కింది వైపున రసమట్టం ఒక కొన ఆనించి, బుడగ మధ్యకు వచ్చేలా పట్టుకోవాలి. ఆ ఆనిన చోటు నుంచి పన్నెండు అంగుళాల దగ్గర గుర్తు పెట్టి, అక్కడి నుంచి నిలువుగా వాసం దాకా టేపు పెట్టి చూడాలి. ఆరంగుళాలు వస్తే అడుగుకు ఆరంగుళాల వాలు. బాబాయి ఇంటిది సరిగ్గా అంతే.

వాలు తెలిశాక మిగిలింది బడిలో చదివిన లంబకోణ త్రిభుజమే. అడ్డం 12, నిలువు 6 అయితే ఏటవాలు భుజం 13.42. దాన్ని 12తో భాగిస్తే 1.118. పైనుంచి కొలిచిన వైశాల్యాన్ని ఈ సంఖ్యతో గుణిస్తే చాలు: 1496 × 1.118 = 1673 చదరపు అడుగులు. వాలు వల్ల పెరిగింది 177, చూరు వల్ల పెరిగింది 296. రెండూ కలిపి నేల కన్నా 473 ఎక్కువ.

మిగతా వాలులకు కూడా ఈ గుణకం ముందే తెలుసుకుని ఉంచుకోవచ్చు. అడుగుకు మూడంగుళాలైతే 1.031, నాలుగైతే 1.054, ఐదైతే 1.083, ఎనిమిదైతే 1.202. పన్నెండుకు పన్నెండు, అంటే 45 డిగ్రీలైతే 1.414. ఈ మధ్య చాలామంది ఫోన్‌ను వాసానికి ఆనించి డిగ్రీలు చూస్తున్నారు, అదీ మంచి పద్ధతే. కాకపోతే డిగ్రీకీ శాతానికీ తేడా చూసుకోవాలి. 30 డిగ్రీల వాలుకు గుణకం 1.155, 30 శాతం వాలుకు 1.044. ప్లాన్ మీద "30" అని మాత్రమే రాసి ఉంటే ఏ ముప్పయ్యో ఇంజినీరును అడగండి. ఈ ఇంటికే ఆ ఒక్క మాటలో 165 చదరపు అడుగుల తేడా వస్తుంది.

తమ్ముడికి ఇంకో సందేహం వచ్చింది. రెండు వాలుల కప్పు పెట్టాలా, నాలుగు పక్కలా వాలు పెట్టాలా అని. నాలుగు వాలులైతే పైకప్పు పెద్దదవుతుంది, పలకలు ఎక్కువ పడతాయని మేస్త్రీ చెప్పాడట. ఇందులో సగమే నిజం. వాలు అంతే ఉండి, చూరు కొలతలు అవే అయితే రెండు వాలుల కప్పుకూ నాలుగు వాలుల కప్పుకూ వైశాల్యం ఒక్కటే.

నమ్మడం కష్టంగా ఉంటే నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు ఆ పైకప్పు నీడ ఎంత పడుతుందో ఊహించుకోండి. 34 అడుగులకు 44 అడుగుల దీర్ఘచతురస్రం, అంతే. పైకప్పులో ఏ ముక్క తీసుకున్నా, అది తూర్పుకు వాలినా దక్షిణానికి వాలినా, దాని అసలు వైశాల్యం దాని నీడకు 1.118 రెట్లు. ముక్కలన్నీ కలిపినా అదే నిష్పత్తి. అంకెల్లోనూ చూద్దాం. రెండు వాలుల కప్పుకు ఒక్కో వాలు 44 అడుగుల పొడవు, వాలు వెంబడి 19 అడుగుల ఎత్తు (34లో సగం 17 × 1.118) ఉన్న దీర్ఘచతురస్రం, అవి రెండు. నాలుగు వాలుల కప్పుకు పొడుగు పక్కల రెండు, కింద 44 పైన 10 అడుగులున్న ముక్కలు. పొట్టి పక్కల రెండు, కింద 34 అడుగులున్న ముక్కోణాలు. వాటి ఎత్తు కూడా 19 అడుగులే. కూడి చూస్తే 1026, 646 కలిసి మళ్లీ 1672 దగ్గరకే వస్తుంది.

మన పాత మండువా ఇళ్లకు కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. బయటి చూరు నుంచి చూరుకు కొలిచిన దీర్ఘచతురస్రంలోంచి, మధ్యలో ఆకాశానికి తెరుచుకున్న భాగాన్ని లోపలి చూరు అంచుల దగ్గర కొలిచి తీసేయాలి. మిగిలిన దాన్ని గుణకంతో హెచ్చిస్తే సరి. బయట 44కు 44, మండువా 10కి 10 అనుకుంటే 1936లోంచి 100 పోగా 1836. ఆరంగుళాల వాలుకు 2053 చదరపు అడుగులు. ఒక్కో వాలునూ విడివిడిగా కొలిచే శ్రమ తప్పుతుంది. వసారా ఒక వాలు, నడిల్లు ఇంకో వాలు ఉన్న ఇళ్లకు మాత్రం దేనికది వేరుగా లెక్కేయాలి.

ఎంత కనపడితే అంతే కప్పినట్టు

పైకప్పు తేలింది. ఇక ఒక్కో పలక ఎంత మేర కప్పుతుంది? కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

తమ్ముడు చూసిన షింగిల్ 36 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉన్న మామూలు మూడు రేకుల రకం, అంటే కింది భాగం మూడు ముక్కలుగా చీల్చి ఉండేది. టేపు పెట్టి కొలిస్తే ఒక్కోటి 3 చదరపు అడుగులు. 1673ను 3తో భాగిస్తే 558 పలకలు. వాడు కాగితం మీద అదే రాసుకున్నాడు. ఆ లెక్కతో తెచ్చుంటే సగం ఇల్లు కూడా కప్పేది కాదు.

కారణం తాటాకు ఇల్లు కప్పడం చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఆకు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోతూ, కింది వరసను చాలా భాగం కప్పేలా పై వరస వేస్తారు. బయటికి కనపడేది ప్రతి ఆకులో కొస భాగమే. చేప పొలుసుల్లాగా. దీనికి కారణం ఉంది. రెండు ఆకుల మధ్య, రెండు పలకల మధ్య ఎప్పుడూ ఒక సందు ఉంటుంది. ఆ సందులో దిగిన నీటిని కింద ఉన్న పలక పట్టుకోవాలి. ఆ పలక అక్కడితో ఆగకుండా దాని కింది వరస మీదికి కూడా కొంత ఎక్కాలి. అలాగైతేనే గాలికి ఎదురెక్కిన వాననీరు లోపలికి రాదు. అందుకే పైకప్పు మీద ఏ చోట వేలు పెట్టినా కింద కనీసం రెండు పొరలు ఉంటాయి, కొన్ని చోట్ల మూడు.

దీన్నుంచే చిన్న సూత్రం వస్తుంది. పలకకు వాలు వెంబడి ఉన్న కొలతలోంచి ఆ మూడో పొర మీదికి ఎక్కే భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తే కనపడే భాగం వస్తుంది. 12 అంగుళాల షింగిల్‌కు ఆ ఎక్కుడు 2 అంగుళాలు. 12లోంచి 2 పోతే 10, అందులో సగం 5. అంటే ప్రతి పలకలో ఐదంగుళాల పట్టీ మాత్రమే ఎండకు కనపడుతుంది. 36 అంగుళాల పొడవు, 5 అంగుళాల ఎత్తు: 180 చదరపు అంగుళాలు, అంటే 1.25 చదరపు అడుగులు. కొన్నది 3 చదరపు అడుగుల పలక, పనికొచ్చే కొలత 1.25. 1673ను 1.25తో భాగిస్తే 1339 పలకలు. తమ్ముడు రాసుకున్న 558 ఎక్కడ, ఇదెక్కడ!

మార్కాపురం పలక మన ప్రాంతంలో ఎరగనివాళ్లు ఉండరు. మేమంతా దాని మీదే అ ఆలు దిద్దినవాళ్లం. ఆ రాయి పొరలు పొరలుగా చీలుతుంది కాబట్టే అంత పలచగా, చదునుగా వస్తుంది. ప్రపంచంలో చాలా చోట్ల ఇలాంటి పలకరాతితోనే ఇళ్లు కప్పుతారు. షింగిల్ అనే ఆలోచన కూడా అక్కడిదే, రాతి పలకకో చెక్క పలకకో బదులుగా తారు పలక వచ్చింది. లెక్కా అదే. 12 అంగుళాల రాతి పలకకు 3 అంగుళాల ఎక్కుడు పెడితే కనపడేది నాలుగున్నర అంగుళాలు. రాయి మొత్తంలో 37.5 శాతం. డబ్బు పెట్టి కొన్న రాయిలో మూడింట రెండొంతులకు దగ్గరగా కంటికి కనపడకుండా ఉండిపోతుంది. కానీ కనపడకుండా ఉన్న ఆ భాగమే వానను ఆపేది. అందుకని ఖర్చు తగ్గించుకోవడానికి ఐదంగుళాల చోట ఆరు వదలమని పనివాళ్లకు ఎప్పుడూ చెప్పకండి.

మంగళూరు పెంకు ఈ విషయంలో చాలా తెలివైన వస్తువు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. దాని గొప్పతనమంతా అంచుల్లో ఉన్న గాడిలో ఉంది. పక్క పెంకు ఆ గాడిలో కూర్చుంటుంది కాబట్టి సందులో దిగిన నీరు గాడి వెంట కిందికి జారిపోతుంది, రెండో పొరతో పని లేదు. అందుకే 410 మిల్లీమీటర్లకు 235 మిల్లీమీటర్లు ఉండే పెంకులో సుమారు 320కి 210 మిల్లీమీటర్లు పనికొస్తుంది. దాదాపు 70 శాతం. చదరపు మీటరుకు 15 పెంకులు, నూరు చదరపు అడుగులకు 140 అనే లెక్క ఇక్కడి నుంచే వచ్చింది. పాతకాలపు గూన పెంకులకు ఈ గాడి లేదు. ఒక వరస వెల్లకిల, దాని మీద ఇంకో వరస బోర్లా వేసి, పైగా నిలువునా సగం దాకా ఎక్కించాలి. అందుకే వాటికి సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ.

పెంకు కొలతను కాగితం మీద చూసి నమ్మడం కంటే చేత్తో చూసుకోవడం మంచిది. మట్టి కాలేటప్పుడు ఒక్కో ఆవంలో ఒక్కో రకంగా కుంచించుకుపోతుంది. ఒక పని చేయండి. కొనే ముందు పదకొండు పెంకులు అడిగి, రెండు చెక్క బద్దల మీద వరసగా గాడిలో గాడి పెట్టి పరచండి. అన్నిటినీ దగ్గరికి నెట్టి, మొదటి పెంకు ఎడమ అంచు నుంచి పదకొండో పెంకు ఎడమ అంచు దాకా కొలవండి. తర్వాత గాడి ఊడకుండా ఎంత దూరం లాగగలరో అంత లాగి మళ్లీ కొలవండి. రెండింటి సగటును పదితో భాగిస్తే ఒక పెంకు అసలు వెడల్పు వస్తుంది. పైకీ కిందికీ కూడా అలాగే చూస్తే రీపర్ల (పెంకులు ఆనే అడ్డ చెక్కల) మధ్య ఎంత దూరం ఉండాలో తేలుతుంది. పావుగంట పని. బాబాయి కొత్త లాటు తెచ్చిన రోజున రెండు రకాలూ ఇలా పక్కపక్కన పరిచి ఉంటే, గాడి కూర్చోదన్న సంగతి పైకెక్కకముందే తెలిసేది.

వరసలు లెక్కపెట్టి సరిచూసుకోవడం

వైశాల్యంతో వచ్చిన సంఖ్యను నేను ఒంటరిగా నమ్మను. వరసలు లెక్కపెట్టి మళ్లీ చూస్తాను. ఒక్కో వాలు ఎత్తు 19 అడుగులు, అంటే 228 అంగుళాలు. ఐదంగుళాల చొప్పున 45.6, కాబట్టి 46 వరసలు. ఒక్కో వరస 44 అడుగులు, మూడడుగుల పలకలు 15. రెండు వాలులకు 46 × 15 × 2 = 1380. వైశాల్యం లెక్క 1339 అంది. రెంటికీ మూడు శాతమే తేడా, అదీ ముక్కల వల్ల వచ్చింది. ఇలా దగ్గరగా వస్తే కొలతలో తప్పు లేదని నమ్మకం. బాబాయి ఇంటి పెంకులకూ ఇలాగే చూశాను. నిలువునా 18 వరసలు, అడ్డంగా 64, రెండు వాలులకు 2304. వైశాల్యం ప్రకారం 2342. విరిగేవాటికి ఐదు శాతం కలిపితే 2460 దాకా తెచ్చుకోవాలి. వచ్చినవి 1680.

వైశాల్యం ఒక్కటే, అంచులు వేరు

రెండు వాలులైనా నాలుగు వాలులైనా వైశాల్యం ఒకటే అన్నాను కదా. మేస్త్రీ మాటలో నిజమైన సగం ఇప్పుడు వస్తుంది.

కొప్పు దగ్గర రెండు వాలులు కలిసే గీత మీద వేరుగా పలకలు కప్పాలి. రెండు వాలుల కప్పుకు ఆ గీత 44 అడుగులే. నాలుగు వాలుల కప్పుకు కొప్పు 10 అడుగులకు తగ్గిపోతుంది గానీ, దాని రెండు కొనల నుంచీ నాలుగు మూలలకు దిగే మూల వాసాల మీద కూడా కప్పాలి. ఒక్కో మూల వాసం పొడవు ఎంత? పైనుంచి చూస్తే మూల నుంచి కొప్పు కొన దాకా 24 అడుగులు, పైకి లేచింది ఎనిమిదిన్నర అడుగులు, ఏటవాలుగా 25.5 అడుగులు. నాలుగూ కలిపి 102, కొప్పు 10, మొత్తం 112 అడుగులు. 44 ఎక్కడ, 112 ఎక్కడ!

ఆ గీత మీద కప్పడానికి మూడు రేకుల షింగిల్‌ను మూడు ముక్కలుగా కోసి ఒక్కోటి మడిచి వేస్తారు. అక్కడా కనపడేది ఐదంగుళాలే. 44 అడుగులకు 106 ముక్కలు, అంటే 36 పలకలు. 112 అడుగులకు 269 ముక్కలు, 90 పలకలు.

చూరు దగ్గర ఇంకో ఖర్చుంది. మొట్టమొదటి వరస కింద రెండో పొర ఉండదు కదా. దాని సందుల్లోంచి నీరు నేరుగా చెక్క మీద పడుతుంది. అందుకని మొదటి వరసకు అడుగున ఇంకో వరస వేస్తారు. రేకులు కత్తిరించిన పలకలతోనో, దానికోసమే వచ్చే పట్టీలతోనో. కప్పేశాక అది కంటికి కనపడదు, అందుకే లెక్కలోనూ మర్చిపోతుంటారు. రెండు వాలుల కప్పుకు చూరు 88 అడుగులు, 30 పలకలు. నాలుగు వాలులకు చుట్టూ 156 అడుగులు, 52 పలకలు.

ఇక కోతల్లో పోయేది. రెండు వాలుల కప్పు సాదా దీర్ఘచతురస్రం, ఒక చివర కోసిన ముక్క తర్వాతి వరసకు మొదట్లో సరిపోతుంది. మామూలుగా పది శాతం చాలు. నాలుగు వాలుల కప్పులో ప్రతి వరసా రెండు కొనలా ఏటవాలుగా కోయాలి, ఆ ముక్కల్లో సగం ఎందుకూ పనికిరావు. పదిహేను శాతం పెట్టుకోవాలి. మండువా మూలల్లాగా రెండు వాలులు లోపలికి కలిసి నీళ్లు కాలువకట్టి దిగే చోట్లుంటే ఇంకొంచెం ఎక్కువ. ఇవి పనివాళ్ల అనుభవం మీద వచ్చిన అంకెలు, కత్తి పట్టిన చేతిని బట్టి అటూ ఇటూ అవుతాయి.

అన్నీ కూడితే తమ్ముడి ఇంటికి రెండు వాలులైతే 1339కి పది శాతం కలిపిన 1473కు 30, 36 కలిపి 1539 పలకలు. నాలుగు వాలులైతే పదిహేను శాతం కలిపిన 1540కి 52, 90 కలిపి 1682. ఒకే వైశాల్యానికి 143 పలకల తేడా. కట్టలో 26 పలకలుంటే మొదటిదానికి 60 కట్టలు, రెండోదానికి 65. అయినా వాడు నాలుగు వాలులే పెడతానన్నాడు, నేనూ సరే అన్నాను. సముద్రం అంత దగ్గర్లో ఉన్నప్పుడు గాలికి నిలబడటానికి నాలుగు వాలుల కప్పే మేలు. ఆ ఐదు కట్టల గురించి ఆలోచించాల్సిన పని లేదు.

కొనే చోట వినపడే మాటలు

అమెరికా లెక్కల్లో నూరు చదరపు అడుగులను ఒక "స్క్వేర్" అంటారు, మామూలు షింగిల్స్ అయితే స్క్వేర్‌కు మూడు కట్టలు. మన దక్షిణాన తమిళ మేస్త్రీలు సదురం అంటే అదీ నూరు చదరపు అడుగులే. కన్నడంలో చదర కూడా అంతే. మనవాళ్లు అంకణం అంటారు. అది నెల్లూరులో 72, తిరుపతి వైపు 36. "అంకణానికి ఇన్ని" అని ఎవరైనా చెబితే ఏ అంకణమో అడగండి. షింగిల్స్ కొలతలు కంపెనీకి ఒక రకంగా ఉంటాయి కాబట్టి నేనిక్కడ చెప్పిన 1.25ను అన్నిటికీ వాడొద్దు. కట్ట మీద "ఇంత కప్పుతుంది" అని రాసి ఉంటుంది, అది ఎక్కుడు తీసేసిన కొలత. పైకప్పు వైశాల్యాన్ని దానితో భాగించుకోండి.

వాలు తక్కువైతే షింగిల్స్ వేయకూడదు. అడుగుకు రెండంగుళాల కంటే తక్కువ వాలుకు ఇవి పనికిరావు. రెండు నుంచి నాలుగు అంగుళాల మధ్య అయితే అడుగున పరిచే తారు కాగితం రెండు పొరలు వేయాలి. అలాంటి కప్పుకు ఆ కాగితం చుట్టలు కొనేటప్పుడు పైకప్పు వైశాల్యానికి కాదు, దాని రెట్టింపుకు చూసుకోవాలి.

మేకులు చిన్న విషయంలా కనపడతాయి గానీ, మన తీరానికి పలకల సంఖ్య కన్నా వీటి సంఖ్యే ముఖ్యం. భారత ప్రమాణాల్లో, ఐఎస్ 875 మూడో భాగంలో, నెల్లూరుకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. గంటకు 180 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఆ గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గాలి పైకప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం గానీ, ఎక్కువ నష్టం పైకి లాగడం వల్ల జరుగుతుంది. ఆ లాగుడు చూరు అంచుల్లో, కొప్పు దగ్గర, మూలల్లో గట్టిగా ఉంటుంది. మామూలుగా పలకకు నాలుగు మేకులు కొడతారు. ఇలాంటి గాలి ఉన్న చోట ఆరు కొట్టాలి. 1682 పలకలకు నాలుగు చొప్పున 6728, ఆరు చొప్పున 10092. నాలుగు మేకులకు సరిపడా తెచ్చి, అయిపోయాయని పనివాళ్లు మేకులు తగ్గించుకుంటూ పోతే ఆ సంగతి కింద నిలబడి చూసేవాళ్లకు తెలియదు. వాలు శ్లాబు మీద వేసేటట్టయితే కాంక్రీటులోకి మేకు తేలిగ్గా దిగదు, ముందు ప్లైవుడ్ పరిచి దానికి కొట్టాలి. ఆ ప్లైవుడ్‌కు కూడా 1673 చదరపు అడుగులే లెక్క, 1200 కాదు.

పెంకులకూ అంతే. ఒక్కోటి రెండు మూడు కిలోలున్నా చూరు వరసనూ కొప్పు వరసనూ తీగతోనో మేకుతోనో కట్టించుకోవాలి. కోతులు తిరిగే ఊళ్లో అయితే ఐదు శాతం కాకుండా ఇంకొన్ని ఎక్కువ తెచ్చి దొడ్లో నీడన పేర్చి ఉంచుకోండి. నాలుగేళ్ల తర్వాత అదే అచ్చు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి.

తమ్ముడు చివరికి 67 కట్టలు చెప్పాడు. 65 పని కోసం, రెండు దాచుకోవడానికి. బండి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. దించుతుంటే ఒక్కో కట్ట మీద లాట్ నంబరు చదువుకుంటూ పోయాం. యాభై తొమ్మిదింటికి ఒకే నంబరు, ఎనిమిదింటికి వేరే. లాట్ మారితే రంగులో కొంచెం తేడా ఉండొచ్చని ఆ ఎనిమిదినీ విడిగా పెట్టించాం. వాటిలో రెండు దాచేశాం. మిగిలిన ఆరింటిలోంచి చూరు అడుగు వరసకూ, వీధికి కనపడని వెనక వాలు కింది వరసలకూ వాడమని మేస్త్రీకి చెప్పాం. బాబాయి అరుగు మీద కూర్చుని మేం లెక్కపెట్టేదంతా చూస్తున్నారు. "ఆ రోజు నన్ను కూడా ఎవరైనా చూరు కొలవమని ఉంటే బాగుండేది రా" అన్నారు.